పన్నెండక్షరాల మామయ్య

రాజధాని, చరిత్ర కచేరీ
కాంగ్షీ ఇరవయ్యో ఏడు, మొదటి నెల, ఇరవయ్యో రోజు

కన్నతల్లి కంటే ఎక్కువగా పెంచిన అత్తయ్య పాదాలకు దూడ వంగి రాసేది.

ఇక్కడ చలికి సిరా గడ్డకడుతోంది. పొద్దున్నే సిరా గిన్నెల్ని చంకలో పెట్టుకుని కరిగించుకుంటే గానీ పని మొదలవ్వదు. మా పక్క బల్ల ఆయన ఏకంగా పొట్టమీద పెట్టుకుంటాడు. అంగీ మార్చడు కాబట్టి ఆ మరకలన్నీ చూస్తే ఆయన పనిచేసిన రోజులు లెక్కపెట్టొచ్చు.

పాత వంశం చరిత్ర రాసే పని మొదలై మూడో ఏడు నడుస్తోంది. ఏ వంశం కూలినా దాని కథ తర్వాత గద్దెనెక్కిన వంశమే రాయిస్తుందని మామయ్య పుస్తకాలు చూపించి చిన్నప్పుడు మీరే చెప్పారు. రాయడం ఒక్కసారే. చెక్క పలకల మీద చెక్కి అచ్చువేశాక వెయ్యేళ్లయినా ఎవరూ ముట్టుకోరు. పెద్దలు రాసిన చిత్తుల్ని శుభ్రంగా నకలు తీయడం నా ఉద్యోగం.

నిన్న హుగ్వాంగ్ రాష్ట్రం కట్ట నా బల్లమీదకొచ్చింది. అందులో షీపాన్ తాలూకా. అక్కడ మామయ్య పేరు. చిత్తు ఎవరు రాశారో తెలీదు, ఒక్క వాక్యమే ఉంది. అది ఈ ఉత్తరంలో రాయడానికి నాకు చేతులు రాలేదు. వేరే కాగితం మీద నకలు తీసి ఉన్ని చెప్పుల జతలో పెట్టి మన ఊరి పట్టు వర్తకుడితో పంపుతున్నాను. ఈ ఉత్తరం కాలువ పడవలో వస్తోంది, కాబట్టి ముందు ఇదే చేరుతుంది. కాగితం చూసి కంగారుపడకండి. ఆ మాట నాది కాదు. అది తప్పని తేల్చడానికి మీకు తెలిసిందంతా రాయండి.

చెప్పులు మీ పాదాలకు పెద్దవవుతాయేమో, దూది కుక్కుకోండి.

మీ దూడ

*

షావోషింగ్
కోడి ఏడు, మూడో నెల, రెండో రోజు

తావ్ జింగ్‌వెన్ గారికి,

దూడా అని పిలవడం ఇవాళ్టితో మానేశాను. అది నా ఇంట్లో పెరిగిన పిల్లవాడి ముద్దుపేరు. తమరు రాజధానిలో ఉద్యోగస్థులు.

పట్టు వర్తకుడు మూట ఇచ్చాడు. చెప్పుల్లో కాగితం చూశాను. "షీపాన్ అధికారి లూ షోజీ ముద్రను చేతబట్టి ఎదురేగి దొంగల దండుకు అప్పగించెను." ఆ చేతిరాత ఎవరిదో పక్కింటి పిల్లిని అడిగినా చెబుతుంది. చివరి గీతకు అలా తోక లాగడం నేను నేర్పిందే. లాగనప్పుడల్లా వేళ్లమీద చాప్‌స్టిక్‌తో కొట్టింది కూడా నేనే. ఆ తోకతోనే మీ మామయ్య మెడకు ఉరి బిగించారు. ఒక్క ముక్క ఉత్తరం కూడా జతచేయలేదు. సిగ్గేసి ఉంటుంది.

మీ మామయ్య పోయి ముప్పై ఎనిమిదేళ్లు. ఆయన పేరు పలకను పూర్వీకుల మందిరంలో పెట్టనివ్వనని మా పెద్ద బావగారు ఆనాడే అన్నారు. "తాలూకా ముద్ర పోగొట్టినవాడికి మన తాతల పక్కన చోటా?" అన్నారు. అప్పట్నుంచి ఆ పలక నా వంటింట్లో, పొయ్యి దేవుడి పక్కన ఉంది. తమరికి గిన్నెలో అన్నం పెట్టే ముందు రోజూ దాని ముందు పెట్టేదాన్ని. పలకకు పెట్టకుండా తమరు ఒక్కనాడూ తినలేదు. అది గుర్తుందో లేదో.

బావగారి నోటికి నేను జడవలేదు, అది ఆయన పోతే పోతుంది. పుస్తకం పోదు కదా. పైగా అది మా ఇంటి చేతిరాతలోనే ఉంది.

చెప్పులు వెనక్కి పంపుతున్నాను. ఉన్ని మంచిదే. అయినా పంపుతున్నాను.

లూ వారి వితంతువు

*

రాజధాని
కాంగ్షీ ఇరవయ్యో ఏడు, నాలుగో నెల, పదకొండో రోజు

అత్తయ్యా,

చెప్పులు అందాయి. ఎడమ చెప్పులో మీ ఉత్తరం దొరికింది. మూడుసార్లు చదివి కచేరీ వెనక్కి వెళ్లి ఏడ్చాను, దాచడం ఎందుకు.

నా మొదటి ఉత్తరం ఏ పడవలో ఏ బురదలో ఇరుక్కుందో తెలీదు. ఆ వాక్యం నేను రాయలేదు అత్తయ్యా, ఎవరో రాసినదాన్ని నకలు తీశాను. నా పనే అది. నా చేతిరాత చూసి మీరు ఏమనుకుంటారో తట్టనంత మొద్దుబుర్ర నాది. అందుకు కొట్టండి. మామయ్యకు ద్రోహం చేశానని మాత్రం అనకండి.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా పట్టుకున్నాను. మామయ్య మీద ఉండే జిల్లా అధికారి ఆ రోజుల్లో పంపిన నివేదిక అది. ఆయన దండు రాకముందే పడవెక్కి పారిపోయాడు. పారిపోయినవాడు తన కింద ఉండి చచ్చిపోయినవాడి నెత్తిన తప్పు రుద్దాడు. కానీ కాగితంగా మిగిలింది అదొక్కటే.

మా పెద్ద సంపాదకుడు కియావ్ గారి దగ్గరికి వెళ్లాను. షాన్‌డాంగ్ ఆయన. పచ్చి ఉల్లికాడ కొరుకుతూ చిత్తులు దిద్దుతాడు.

"ఈ లూ అనే ఆయన నీకేమవుతాడు?" అన్నాడు.

"మా మామయ్యండి."

"అయితే నువ్వు మాట్లాడకూడదు."

"మా అత్తయ్య ఇంకా ఉందండి, ఆమెనడిగితే..."

"ఆమె అసలే మాట్లాడకూడదు. భర్త పిరికివాడని ఏ పెళ్లాం చెబుతుంది? చూడబ్బాయ్, కన్నీళ్లు కాగితాన్ని తడుపుతాయి, అంతే. రాయి తీసుకురా, లోహం తీసుకురా, లేదా కాగితం తీసుకురా. హుగ్వాంగ్ కట్ట వచ్చే ఏడు మూడో నెలలో పై అధికారుల ఆమోదానికి వెళ్లిపోతుంది. తర్వాత నా చేతిలో కూడా ఉండదు."

మనకు గడువు అదీ. మామయ్య ఆఖరి రోజు గురించి మీకు ఎవరేం చెప్పినా, ఎంత చిన్నదైనా రాయండి.

ఇంకొక్క మాట. ఉత్తరం పైన జంతువుల వరుస లెక్కలో కోడి ఏడు అని రాస్తున్నారు. ఇప్పటి చక్రవర్తి ఏడు రాయకపోతే ఎవరైనా తప్పుపట్టొచ్చు. చెప్పులు మళ్లీ పంపుతున్నాను.

మీరు పిలిచినా పిలవకపోయినా, దూడ

*

షావోషింగ్
కోడి ఏడు, ఐదో నెల, పద్దెనిమిదో రోజు

ఒరే దూడా,

నీ మొదటి ఉత్తరం మొన్న వచ్చింది, రెండోది నిన్న. కాలువలో పూడిక తీస్తున్నారని పడవను రెండు నెలలు ఆపేశారట. నేను కోపంలో రాసిన ఉత్తరం చింపెయ్యకు. వాక్యాలు బాగా కుదిరాయి. ఆవకూర ఎండబెట్టి ఊరేసిన జాడీ పంపుతున్నాను. అంతకుమించి నా దగ్గర్నుంచి ఏమీ ఆశించకు.

కోడి ఏ వంశానికీ కప్పం కట్టదు. దాని ఏడు దానిదే. నా ఉత్తరాల మీద కోడే ఉంటుంది.

నన్ను అసలే మాట్లాడకూడదన్న ఆ ఉల్లికాడల పెద్దమనిషికి నా దండాలు చెప్పు. ఆయన భార్య ఆయన గురించి ఏం చెబుతుందో విని ఉండడు.

ఇక అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇది ముప్పై ఎనిమిదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. పాత వంశం ఆఖరి రోజుల్లో దొంగల దండు వస్తోందని తెలిసి మీ మామయ్య నన్ను మూడు రోజుల ముందే పడవెక్కించారు. రేవులో నేను ఏడుస్తుంటే, "ముద్ర నా దగ్గరుండగా కుర్చీ దిగనే, ముద్ర ఎవరికీ ఇవ్వనే, నువ్వు ముందు పద" అన్నారు. తర్వాత వంటవాడు ఫూ ఒక్కడే ప్రాణాలతో ఇంటికి చేరాడు. మా బావగారి ముందే చెప్పాడు. "అమ్మా, పెరటి గుమ్మంలోంచి తొంగిచూశాను. అయ్యగారు కచేరీ కుర్చీలోనే పోయి ఉన్నారు. ముద్ర పెట్టె ఖాళీగా ఉంది. ఎందుకో మరి, అంగీ చేతులు రెండూ మోచేతుల దాకా తడిసి ఉన్నాయి."

బావగారు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ముద్ర ఇచ్చేసి నీళ్ల తొట్టిలో దాక్కుని ఉంటాడు, లాక్కొచ్చి కుర్చీలో కూలేసి ఉంటారు" అన్నారు. ఫూ నోరుమూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను.

ఒరే, నిజం చెప్పేస్తున్నాను. ఆ తడి చేతుల గురించి నాకూ భయమే. పలక ముందు అన్నం పెట్టిన ప్రతిసారీ, ఏమండీ, చేతులు ఎందుకు తడిశాయండీ అని లోలోపల అడిగాను. తొట్టిలో దాక్కున్నా ఆయన నా మొగుడే. కానీ తెలిస్తే బాగుండేది.

ఇది నీ కియావ్ గారికి చెప్పకు. చెబితే దాన్నీ పుస్తకంలో ఎక్కిస్తాడు.

అత్త

*

రాజధాని
కాంగ్షీ ఇరవయ్యో ఏడు, ఆరో నెల, ఇరవై మూడో రోజు

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి చేతిలోని కుంచె కింద పడేశాను. నకలు కాగితం పాడైంది, తిట్లు తిన్నాను. ఫరవాలేదు.

దాక్కున్నవాడు తొట్టిలో దిగితే మెడదాకా తడుస్తాడు. చేతులొక్కటే ఎలా తడుస్తాయి? నీళ్లలో ఏదో పెడితేనే తడుస్తాయి. దాదాపు పదిహేనువందల ఏళ్ల కిందట హాన్ వంశం కూలేటప్పుడు రాజభవనం తగలబడితే, చక్రవర్తి ముద్ర దొరికింది ఎక్కడనుకున్నారు? బావిలో. మామయ్య దగ్గర ఉన్న చరిత్ర పుస్తకాలన్నింటిలో ఆ కథ ఉంది. ఆయనకు అది తెలియకుండా ఉండదు. షీపాన్ కచేరీ పెరట్లో బావి ఉందా అత్తయ్యా?

ఉంటుంది, ప్రతి కచేరీలోనూ ఉంటుంది. అక్కడి ఇప్పటి అధికారికి నేనే రాశాను. నీళ్లు తగ్గాక బావి తోడించమని కాళ్లావేళ్లా పడ్డాను. మీరు మాత్రం కదలకండి. దక్షిణాన యుద్ధం ఇంకా పూర్తిగా చల్లారలేదు. మీకు అరవై రెండేళ్లు. నెలన్నర పడవ ప్రయాణం. ఆ అధికారికి కూడా స్పష్టంగా రాశాను, మా అత్తయ్య ముసలిది, మంచం దిగలేదు, రాలేదు, కాబట్టి మీరే దయచూడాలి అని. జాలి కలగాలని కొంచెం ఎక్కువే రాశాను. ఏమీ అనుకోకండి.

ఆవకూర కియావ్ గారు వాసన పట్టేశారు. సగం జాడీ పోయింది.

దూడ

*

షీపాన్ తాలూకా కచేరీ, హుగ్వాంగ్
కోడి ఏడు, తొమ్మిదో నెల, ఇరవై ఆరో రోజు

ఒరే దూడా,

మంచం దిగలేని ముసలిది రాస్తోంది.

నీ ఉత్తరం అందిన నాలుగో రోజునే పడవెక్కాను. నువ్వు కదలకండి అని రాయకపోయి ఉంటే ఇంకో పది రోజులు ఆలోచించేదాన్నేమో. నీ చెప్పులు వేసుకున్నాను. దూది అక్కర్లేకపోయింది, రెండు మేజోళ్లు వేస్తే సరిపోయాయి.

నువ్వు చేసిన ఘనకార్యం విను. కచేరీకి వెళ్లి, నేను లూ షోజీ గారి భార్యను అన్నాను. ఇక్కడి అధికారి సుంగ్ గారు ముప్పై దాటని మనిషి. నీ ఉత్తరం తీసి నా మొహానికి ఎదురుగా పెట్టాడు.

"ఆమె మంచం దిగలేదని ఆమె మేనల్లుడే రాశాడు. మరి నువ్వెవరు? పాత కచేరీలో ఏదో దొరుకుతుందని ఎవరు పంపారు నిన్ను?"

"నేనే ఆమెనయ్యా."

"ఆమె ముసలిది. నువ్వు మా నౌకర్లకంటే గట్టిగా అరుస్తున్నావు."

దొంగదాన్నని గుమ్మం బయట కూర్చోబెట్టారు. రెండు రోజులు కూర్చున్నాను. మూడో రోజు నాకు నువ్వు రాసిన ఉత్తరం లోపలికి పంపాను. చదివి ఆయనే బయటికొచ్చి వంగాడు. "కదలకండి అని ఇంత గట్టిగా రాశాడంటే, కదిలే మనిషి మీరే అయి ఉంటారమ్మా" అన్నాడు. నన్నెరగకపోయినా నిన్ను బాగానే చదివాడు.

బావి పెరట్లోనే ఉంది. మీ మామయ్య కూర్చున్న హాలుకు ఇరవై అడుగులు. నేను కాపురం చేసిన రోజుల్లో ఆ బావి నీళ్లతోనే టీ కాచేదాన్ని. చూసి కాసేపు గట్టు మీద కూర్చున్నాను. నలుగురు మనుషులు రోజంతా తోడారు. ఏడు విరిగిన బాల్చీలు, ఒక తలపిన్ను, ఎవరిదో పళ్లెం, పదకొండు చెప్పులు పైకొచ్చాయి. అన్నీ ఎడమకాలివే, ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. ముద్ర లేదు. అడుగున రాతినేల కనబడేదాకా తోడారు. లేదు.

"అయిపోయిందమ్మా, ఇక ఇంటికి వెళ్లండి" అన్నాడు సుంగ్ గారు, మర్యాదగానే. "దండు వాళ్లూ ఆ రోజుల్లో ఈ బావి వెతికే ఉంటారు."

అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీద. ఏడుపు ఆపుకుంటూ గట్టు పట్టుకుని నిలబడితే ఫూ మాట గుర్తొచ్చింది. మోచేతుల దాకా. విసిరేస్తే చేతులు తడవవు కదా. బావి తోడేవాళ్లలో పెద్దాయన్ని అడిగాను, "ఐదో నెలలో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయయ్యా?"

"వానలకు పొంగుతుందమ్మా. గట్టుకు జానెడు కిందికొచ్చేస్తుంది. అదిగో, పాచి గీత."

దండు వచ్చింది ఐదో నెలలోనే. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి ఆ పాచి గీతదాకా చాపాను. "ఇక్కణ్ణుంచి మోచెయ్యంత కిందికి, చుట్టూ ఇటుకలు ఒక్కొక్కటే తట్టి చూడు" అన్నాను. తాడు కట్టుకుని దిగాడు. హాలు వైపు గోడ, నాలుగో వరుస. ఒక ఇటుక మిగతావాటిలా మోగలేదు. ఊడబీకితే వెనకాల గుడ్డ మూట. చుట్టింది మీ మామయ్య నడుంపట్టీ. దాని అంచు నేనే కుట్టాను, నీలం దారం అయిపోతే చివర బెత్తెడు నల్లదారంతో కానిచ్చాను. ఆ నల్లదారం అలాగే ఉంది.

మూటలో ముద్ర. కంచుది, నలుచదరం, అరచేతి నిండా ఉంది.

దూడా, అక్కడే అందరి ముందూ నవ్వాను. ఏడుస్తానని అందరూ చూస్తున్నారు. నవ్వొచ్చింది. దండు వాళ్లు ఊరంతా తిరగేసి, బావి అడుగు కూడా వెతికి, మూరెడు లోతులో ఉన్నదాన్ని వదిలేసి పోయారు. ఆయన చెయ్యి తుడుచుకోవడానికి కూడా ఆగకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. దిగనన్నారు, దిగలేదు. ఇవ్వనన్నారు, ఇవ్వలేదు.

ముద్ర సర్కారుకి చేరాలట, చేరనీ. సుంగ్ గారు నా ఎదుటే దాన్ని ఎర్రసిరాలో అద్ది మూడు కాగితాల మీద వేయించి, దాని వీపున చెక్కిన ఏడు, సంఖ్య రాయించి, బావి తోడినవాళ్ల వేలిముద్రలు తీసుకుని సంతకం చేశాడు. ఒకటి నీకు పంపుతున్నాను. ఆ ఉల్లికాడలాయన లోహం అడిగాడు, కాగితం అడిగాడు. రెండూ ఉన్నాయి. రాయి కూడా కావాలంటే బావి గట్టు ఊడబీకి పంపుతానని చెప్పు.

అత్త

*

రాజధాని
కాంగ్షీ ఇరవయ్యో ఏడు, పన్నెండో నెల, మూడో రోజు

మంచం దిగని అత్తయ్యకు దూడ వెయ్యి దండాలు.

మీ కాగితం చేరింది. కియావ్ గారి బల్లమీద పరిచాను. ఆయన పాత వంశం నాటి ముద్రల జాబితా తెప్పించాడు. షీపాన్ ముద్ర పోతపోసిన ఏడు, నెల, సంఖ్య చూశాడు. సరిపోయాయి. షీపాన్ నుంచి వచ్చిన పాత దస్తావేజు ఒకటి తెప్పించి రెండు ముద్రల్నీ పక్కపక్కన పెట్టాడు. రెండింటికీ కుడివైపు మూల ఒకేలా చితికి ఉంది. ఉల్లికాడ పక్కన పెట్టేశాడు. ఇన్నాళ్లలో అది పక్కన పెట్టడం నేను చూడలేదు.

"ఎవరు తీయించారు దీన్ని?" అన్నాడు.

"అసలే మాట్లాడకూడని ఆవిడండి."

ఆయన కుంచె తీసి పాత వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన తన చేత్తోనే కొత్త వాక్యం రాశాడు. దాన్ని నకలు తీసే పని నాకే ఇచ్చాడు. మన చీనా రాతలో మాటకో అక్షరం, మొత్తం పన్నెండక్షరాలు:

"ముద్రను బావి ఇటుకల్లో దాచి, ఆసనం దిగక, దొంగలు రాగా అచటనే మరణించెను."

ప్రాణాలిచ్చినవాళ్ల అధ్యాయంలోకి మార్చారు. కచేరీ లేచి నిలబడింది అత్తయ్యా. అంగీ మీద సిరా మరకల ఆయన కూడా లేచాడు.

ఒక్క విషయంలో నేను ఓడిపోయాను. భార్య స్వయంగా వెళ్లి ముద్ర వెలికితీయించిందని ఇంకో నాలుగక్షరాలు వేయమని అడిగాను. కియావ్ గారు తల అడ్డంగా ఊపారు. "బతికున్నవాళ్లకు చరిత్రలో చోటు లేదబ్బాయ్. ఆవిడ పోయాక చూద్దాం" అన్నారు. నాకు చాలా కష్టంగా ఉంది. పని మీరు చేస్తే పేరు ఒక్కచోటా లేదు. క్షమించండి.

కొత్త వాక్యం నకలు పంపుతున్నాను. ఈసారీ నా చేతిరాతే. తోక గట్టిగా లాగాను.

దూడ

*

షావోషింగ్
కుక్క ఏడు, రెండో నెల, తొమ్మిదో రోజు

ఒరే దూడా,

నెలన్నర పడవ, రెండు రోజులు గుమ్మం, పదకొండు ఎడమకాలి చెప్పులు. దానికి పన్నెండక్షరాలా? పిసినారి కచేరీ మీది. అయినా ఒక్కటి కూడా ఎక్కువ లేదు, ఒక్కటి కూడా తక్కువ లేదు. చదివి చదివి కాగితం మడత దగ్గర చిరిగింది. ఇంకోటి రాసి పంపు.

మొన్న బావగారు వచ్చారు. ఎనభై రెండేళ్లు, కర్ర పట్టుకుని, వెనక కుటుంబంలోని మగవాళ్లంతా. పలకను మందిరానికి తీసుకెళతామన్నారు. మనిషిని పంపి తెప్పించుకుంటారేమోనని ముందే కబురుపెట్టాను, పెట్టినచోటికి వచ్చి మీ చేత్తోనే మోసుకెళ్లండి అని. వచ్చారు. వంటింటి గుమ్మం ఎత్తు తక్కువ కదా, లూ వారి పెద్ద తల వంచాకే లోపలికి పట్టింది. నా ఆవకూర జాడీల మధ్యలోంచి పొయ్యిదాకా వచ్చారు. పలకను రెండు చేతులా తీసుకున్నారు. "నేను నవ్వాను ఆ రోజు" అన్నారు. అంతే అన్నారు. నేను, "అవును, విన్నాను" అన్నాను. ఆయనా ముసలివాడైపోయారు.

పలక మీద ముప్పై ఎనిమిదేళ్ల మసి. మందిరంలో పెట్టే ముందు తుడవబోయారు. ముట్టుకోవద్దన్నాను. ఆయన పేరు వాళ్ల వంశానిది, ఆ మసి మాత్రం నాది. ఇప్పుడు లూ వారి తాతలందరి మధ్యా తళతళలాడే పలకల వరుసలో నల్లగా ఉన్నది ఒక్కటే. గుమ్మంలోంచే కనబడుతుంది. చూసిన ప్రతివాడూ ఎందుకు నల్లగా ఉందని అడుగుతున్నాడు. చెబుతున్నారు. నీ నాలుగక్షరాలు అక్కడ నోటితో చదువుతున్నారు, బాధపడకు.

పొయ్యి దగ్గర చోటు ఖాళీగా ఉంది. పొద్దున అలవాటుకొద్దీ గిన్నె అక్కడ పెట్టబోయి ఆగాను. తర్వాత పెట్టేశాను. ఆయన చేతులు ఎందుకు తడిశాయో ఇక అడగక్కర్లేదు.

నీ కియావ్ గారికి ఈ జాడీ పూర్తిగా ఇవ్వు, సగం కాదు. బతికున్నవాళ్లకు చోటు లేదన్నారు కదా, మంచి నియమం అని నేనన్నానని చెప్పు. ఆయన్ని తొందరపడవద్దను. నేను ఒక వంశం చూశాను, రెండోది చూస్తున్నాను, ఓపిక ఉంది.

ఇప్పట్లో పుస్తకంలోకి వచ్చే ఉద్దేశం లేని
నీ అత్త